కొండ మీది పాత కోటలో రికార్డింగ్ స్టూడియో పెట్టవచ్చా? రాయి ఏమిస్తుంది, ఏమివ్వదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. జర్మనీలో ఉంటున్న మీ స్నేహితుడు అక్కడ కొండ మీదున్న ఒక పాత కోటలో కొంత భాగం లీజుకి తీసుకుని రికార్డింగ్ స్టూడియో పెడదామంటున్నాడు. మీరూ అందులో డబ్బు పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నారు. రాతి గోడల మధ్య నిజంగానే మంచి సౌండ్ వస్తుందా, ఇదివరకు ఇలా చేసినవాళ్ల అనుభవం ఏమిటి, ఖర్చంతా ఎక్కడ అవుతుంది అని అడిగారు. నేను చాలా ఏళ్లు రికార్డింగ్ ఇంజనీరుగా పనిచేసి, తర్వాత స్టూడియో అకౌస్టిక్స్ డిజైన్‌లోకి వచ్చినవాణ్ని. పాత రాతి కట్టడాల్లో పని చేశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

సూటిగా చెప్పాలంటే, పెట్టవచ్చు. మంచి స్టూడియో కూడా అవుతుంది. అయితే కోట మీకిచ్చేవి రెండే. ఒకటి, ఈ రోజుల్లో సొంత డబ్బుతో ఎవరూ కట్టుకోలేనంత పెద్ద గది. రెండోది, ఊరికి దూరంగా, రోజుల తరబడి ఎవరూ కదిలించని సమయం. మిక్సింగ్, అంటే విడివిడిగా రికార్డు చేసిన గొంతులు, వాద్యాలు కలిపి పాటగా తీర్చే పని, చేసే కంట్రోల్ రూమ్‌ని మాత్రం కోట ఇవ్వదు. దాన్ని కోట లోపల, కోట గోడలకి తగలకుండా, ఇంకో గదిగా కట్టుకోవాల్సిందే. గోడలు మందంగా ఉన్నాయి కదా అని నేరుగా స్పీకర్లు పెట్టి పని మొదలుపెడితే, అక్కడ చేసిన మిక్స్ కారులోనూ ఫోన్‌లోనూ వేరేలా వినిపిస్తుంది. మీ బడ్జెట్ మొత్తం ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది.

ముందు శబ్దం సంగతి. రాయి తన మీద పడిన శబ్దంలో నూటికి రెండు మూడు వంతులు మాత్రమే పీల్చుకుంటుంది. మిగతాదంతా తిరిగి గదిలోకే వస్తుంది. గదిలో శబ్దం ఎంతసేపు నిలుస్తుందో లెక్కకట్టడానికి అమెరికన్ శాస్త్రవేత్త వాలెస్ సబైన్ వందేళ్లకు ముందే ఒక సూత్రం ఇచ్చాడు. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో శబ్దాన్ని పీల్చే మొత్తం విస్తీర్ణంతో భాగించాలి. శబ్దం 60 డెసిబెల్స్ తగ్గడానికి ఎన్ని సెకన్లు పడుతుందో వస్తుంది. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల ఎత్తున్న కోట హాలు ఒకటి అనుకోండి. ఘనపరిమాణం 1,600 ఘనపు మీటర్లు. గోడలు, నేల, కప్పు కలిపి 880 చదరపు మీటర్లు. అంతా ఉత్త రాయీ సున్నమే అయితే శబ్దం దాదాపు 10 సెకన్లు నిలుస్తుంది. చెక్క నేల, కిటికీలు, తివాచీలు, సోఫాలు, మనుషులు చేరి సగటున పదో వంతు పీల్చే స్థితికి వస్తే అదే హాలు 3 సెకన్లకి దిగుతుంది. కంట్రోల్ రూమ్‌లో మనకి కావాల్సింది 0.2 నుంచి 0.4 సెకన్లు. ఈ రెండు అంకెల మధ్య ఎంత దూరం ఉందో చూడండి.

మూడు సెకన్లు చెడ్డ అంకె కాదు. కోరస్‌కి, వయొలిన్ సెక్షన్‌కి అది వరం. అవసరం లేనప్పుడు తగ్గించుకోవచ్చు కూడా. మందపాటి ఉన్ని తెరలు, మడతలు మడతలుగా, గోడకి కొంచెం ఎడంగా ఓ వంద చదరపు మీటర్ల మేర వేలాడదీస్తే పైన చెప్పిన హాలు 3 నుంచి ఇంచుమించు 1.7 సెకన్లకి వస్తుంది. తెర లాగితే ఒక గది, తీస్తే ఇంకో గది. పెద్ద హాలు విషయంలో నా సలహా ఎప్పుడూ ఇదే: గోడలకి ఏదీ అంటించకండి, ఏది పెట్టినా కదిలించగలిగేలా పెట్టండి.

అసలు ప్రమాదం చిన్న గదులతో. చాలామంది "పెద్ద హాలులో ప్రతిధ్వని ఎక్కువ కాబట్టి, పక్కనున్న చిన్న రాతి గదిని కంట్రోల్ రూమ్ చేద్దాం" అంటారు. స్టూడియోకి అన్నిటికన్నా పనికిరానిది ఆ చిన్న రాతి గదే. మామూలు ఇంట్లో జిప్సం బోర్డు గోడలు, పలచటి తలుపులు బేస్‌కి, అంటే లోతైన కింది శబ్దాలకి, కొద్దిగా కంపించి కొంత శక్తిని మింగేస్తాయి, కొంత బయటికి వదిలేస్తాయి. మీటరు మందం రాతిగోడ కదలదు, వదలదు. 4 మీటర్ల పొడవున్న గదిలో 43 హెర్ట్జ్ దగ్గర మొదటి అనునాదం వస్తుంది, అంటే ఆ శబ్దానికి గదే మోగుతుంది. అక్కడ కిక్ డ్రమ్, బేస్ గిటార్ ఒక కుర్చీలో ఉరుములా ఉంటాయి, పక్క కుర్చీలో మాయమైపోతాయి. 43 హెర్ట్జ్ తరంగంలో నాలుగో వంతు అంటే 2 మీటర్లు. రెండంగుళాల ఫోమ్ ముక్కలు అంటించి దాన్ని ఆపలేం. బేస్‌ని పీల్చే లోతైన బేస్ ట్రాప్‌లు గానీ, ఆ పౌనఃపున్యానికి తగ్గట్టు కంపించే ప్యానెళ్లు గానీ కావాలి. వాటికి స్థలం వదిలితే చిన్న గది ఇంకా చిన్నదైపోతుంది. అందుకే కంట్రోల్ రూమ్ కోసం కూడా పెద్ద గదినే ఎంచుకుని, లోపల పెట్టెలా ఇంకో గది కట్టమని చెబుతాను.

రాయి శబ్దాన్ని ఎలా తిప్పికొడుతుందో మన గోల్కొండలో అందరూ విన్నారు. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో పైనున్న బాలా హిస్సార్ దగ్గర వినిపిస్తుంది. వంపు తిరిగిన రాతి కప్పు శబ్దాన్ని చెదరగొట్టకుండా ఒకవైపుకి పోగుచేసి పంపుతుంది. కాపలా కోసం అది అద్భుతం. రికార్డింగ్ గదిలో అదే గుణం తలనొప్పి. గుమ్మటం లేదా కమాను కింద ఒక చోట మైక్ పెడితే చెవులు పగిలిపోతాయి, రెండడుగులు జరిపితే శబ్దం చచ్చిపోతుంది. మీ స్నేహితుడు చూసిన హాలుకి పైన కమాను కప్పు ఉందా, చెక్క దూలాల కప్పు ఉందా అని మొదట కనుక్కోండి. దూలాల కప్పు అయితే సగం పని తేలిక. దూలాలు శబ్దాన్ని చక్కగా చెదరగొడతాయి.

ఇదివరకు చేసినవాళ్ల సంగతి. మీరు అడిగిన దానికి దగ్గరగా ఉన్నది ఐర్లండ్‌లోని స్లేన్ కోట. బోయిన్ నది ఒడ్డున ఎత్తు మీద ఉంటుంది. ఇప్పుడున్న కట్టడం 1785 నుంచి మొదలైంది. అందులో గుమ్మటం లాంటి కప్పున్న గోథిక్ పద్ధతి బాల్‌రూమ్ ఉంది. 1984 మేలో ఐర్లండ్ రాక్ బృందం యూటూ, నిర్మాతలు బ్రయన్ ఈనో, డానియెల్ లన్వా అక్కడ పోర్టబుల్ 24 ట్రాక్ సామగ్రి దించి ఆల్బమ్ మొదలుపెట్టారు. వాళ్లు వచ్చింది ఆ బాల్‌రూమ్ కోసమే. కొంత పని జరిగాక, పుస్తకాలతో నిండిన చిన్న లైబ్రరీలో సౌండ్ ఎక్కువ చిక్కగా, పట్టుగా వస్తోందని అటు మళ్లారు. నాకు ఇది చాలా విలువైన పాఠం. పుస్తకాల అలమరాలు శబ్దాన్ని పీలుస్తాయి, ఎగుడుదిగుడుగా ఉండి చెదరగొడతాయి కూడా. కోటలో ఎవరూ అకౌస్టిక్స్ కోసం కట్టని గది ఒక్కోసారి అకౌస్టిక్స్‌కి అన్నిటికన్నా బాగుంటుంది. కాబట్టి మీ స్నేహితుణ్ని హాలొక్కటే కాకుండా కోటలో ప్రతి గదిలోనూ చప్పట్లు కొట్టి వినమనండి.

స్లేన్‌లో వాళ్లని ఇబ్బంది పెట్టింది కరెంటు. కోటకి కరెంటు నది మీది నీటి చక్రం నుంచి వచ్చేది. నీళ్లు తగ్గితే డీజిల్ జనరేటర్ మీద ఆధారపడాల్సి వచ్చేది. కొన్ని వారాల తర్వాత డబ్లిన్‌లోని మామూలు స్టూడియోకి మారి ఆల్బమ్ పూర్తిచేశారు. కోటలో పట్టుకోవడం, స్టూడియోలో పూర్తి చేయడం. ఈ క్రమం మీకు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

ఇక దీర్ఘకాలం నడిచిన స్టూడియో అంటే ఫ్రాన్స్‌లోని షాటో దెరూవిల్, అంటే ఎరూవిల్ భవనం. అది కొండ మీద లేదు, పారిస్‌కి వాయవ్యంగా ఓవేర్-సుర్-వాజ్ దగ్గర పల్లెటూళ్లో ఉంది. బురుజుల కోట కాదు, 1740లో కట్టిన పెద్ద జమీందారీ భవనం. కానీ పాత కట్టడాన్ని స్టూడియోగా మార్చడంలో ఎదురయ్యే మంచీ చెడూ అన్నీ అక్కడ జరిగాయి, అందుకే దాని గురించి ఎక్కువ రాస్తున్నాను. సినిమా సంగీత దర్శకుడు మిషెల్ మాగ్నే దాన్ని 1962లో కొన్నాడు. 1969లో అగ్నిప్రమాదం జరిగి ఒక భాగం, దాంతో పాటు ఆయన రాసుకున్న సంగీతం చాలావరకు కాలిపోయాయి. అలాంటి దెబ్బ తర్వాత ఆ మనిషి ఆ ఇంటిని అందరికీ పనికొచ్చే స్టూడియోగా తెరిచాడంటే నాకు ఆయన మీద ఎంతో గౌరవం. సంగీతకారులు అక్కడే ఉండి, అక్కడే తిని, రాత్రీ పగలూ ఎప్పుడు కావాలంటే అప్పుడు రికార్డు చేసుకునే పద్ధతి. ఆ రోజుల్లో స్టూడియో అంటే గంటల లెక్కన అద్దె, టైమైపోతే బయటికి. మాగ్నే ఆ టెన్షన్ లేకుండా చేశాడు.

1972 జనవరిలో బ్రిటిష్ గాయకుడు ఎల్టన్ జాన్ అక్కడికి వచ్చాడు. గీతరచయిత బెర్నీ టాపిన్ పై గదిలో టైపు చేసిన పాటలు కింద టిఫిన్ బల్ల దగ్గరికి వచ్చేవి. పక్కనే పియానో, బృందం వాద్యాలు ఉండేవి. తింటూనే బాణీ కట్టి, రిహార్సల్ చేసి, స్టూడియోలోకి వెళ్లి రికార్డు చేసేవాళ్లు. ఆ ఆల్బమ్‌కి 'హాంకీ షాటో' అని భవనం పేరే పెట్టారు. 1973లో ఒక డబుల్ ఆల్బమ్ కోసం ముందు జమైకా వెళ్లారు. అక్కడి పియానో, పరికరాలు కుదరక ఇక్కడికే తిరిగొచ్చి రెండు వారాల ప్రాంతంలో రికార్డింగ్ ముగించారు. ఆ వేగానికి కారణం గోడలు కాదు. అందరూ ఒకే కప్పు కింద ఉండటం, వాద్యాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండటం.

ఇంకో ఉదాహరణ చూడండి. 1976 సెప్టెంబరులో బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బోవీ, నిర్మాత టోనీ విస్కాంటీ అక్కడ చేసిన ఆల్బమ్‌లో డ్రమ్స్ శబ్దం ఇంజనీర్ల మధ్య ఇప్పటికీ చర్చకి వస్తుంది. ఆ భవనపు రాతి మహిమ అనుకునేవాళ్లు ఉన్నారు. నిజానికి అది ఈవెంటైడ్ హెచ్910 హార్మొనైజర్ అనే పరికరంతో స్నేర్ డ్రమ్ శబ్దపు శ్రుతిని కిందికి జార్చి తెచ్చింది. 1977లో బీ జీస్ బృందం అక్కడ 'స్టేయిన్ అలైవ్' చేస్తుండగా డ్రమ్మర్ ఇంట్లో అనారోగ్యం వల్ల ఊరికి వెళ్లాల్సి వచ్చింది. పారిస్‌కి దూరంగా ఉన్నారు, పక్కనే ఇంకో డ్రమ్మర్ దొరకడు. అప్పుడు వాళ్లు అప్పటికే రికార్డయిన ఇంకో పాటలోంచి రెండు బార్ల (తాళంలో రెండు ఆవృత్తాల) డ్రమ్స్ తీసి, టేపుని చుట్టగా అతికించి, తిప్పి తిప్పి వాడారు. ఆ పాటలో మనం వినే లయ అదే. దూరంగా ఉండటం వల్ల వచ్చే ఇబ్బంది, దానికి దొరికిన ఉపాయం రెండూ అందులో ఉన్నాయి.

మరి రాతి కట్టడం సౌండ్‌కి పనికిరాదా అంటే, చక్కగా పనికొస్తుంది, సరైన చోట వాడితే. ఇంగ్లండ్‌లోని హెడ్లీ గ్రేంజ్ కోట కాదు, 1795లో నిరుపేదల కోసం కట్టిన ఇల్లు. బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెప్లిన్ అక్కడ మెట్లున్న ఎత్తైన హాలు కింద డ్రమ్స్ పెట్టి, పై మెట్ల దగ్గర నుంచి రెండు బేయర్‌డైనమిక్ ఎం160 మైకులతో రికార్డు చేసింది. ఆ డ్రమ్స్‌లోని బరువు చాలావరకు ఆ మెట్ల హాలుదే. మీ కోటలో మెట్ల బురుజు ఉంటే దాన్ని వదులుకోకండి. కింద నేలమాళిగ ఉంటే ఇంకా మంచిది. ఒక స్పీకరు, రెండు మైకులు పెట్టి అక్కడికి ఏ ట్రాక్‌నైనా పంపి తిరిగి రికార్డు చేసుకోవచ్చు. హాలీవుడ్‌లోని కాపిటల్ స్టూడియోస్ ఇదే పని కోసం భూమి కింద ప్రత్యేకంగా కాంక్రీటు గదులు తవ్వించింది. మీకు అది లీజుతో పాటు ఊరికే వస్తుంది.

జర్మనీ నుంచే ఒక ఉదాహరణ. కొలోన్ నగరపు రాక్ బృందం 'కాన్' 1968 నుంచి నోర్వెనిష్ కోటలో సొంత స్టూడియో పెట్టుకుని పనిచేసింది. 1971లో వైలర్స్‌విస్ట్ అనే ఊళ్లో పాత సినిమా హాలుకి మారింది. అక్కడ గోడల మీద 1,500 సైన్యపు పరుపులు బిగించారు. కోటలో కొన్నేళ్లు గడిపినవాళ్లు రోజూ పనిచేసే గదిని పరుపులతో కప్పేశారన్నది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు కట్టడం సంగతి, డబ్బంతా పోయేది ఇక్కడే. కంట్రోల్ రూమ్ అంటే గదిలో గది: కింద రబ్బరు లేదా స్ప్రింగుల మీద తేలే నేల, దాని మీద సొంత గోడలు, సొంత కప్పు. 6 మీటర్లు, 5 మీటర్లు, 3 మీటర్ల ఎత్తున్న పెట్టె కట్టారనుకోండి. 10 సెంటీమీటర్ల కాంక్రీటు నేల ఒక్కటే 7 టన్నులు దాటుతుంది. రెండు పొరల జిప్సం బోర్డు, ఫ్రేము కలిపి ఇంకో 3 టన్నులు. అంటే చదరపు మీటరుకి 330 కిలోలకి పైగా, మనుషులు, సామాను రాకముందే. పాత కోట పై అంతస్తులో చెక్క దూలాలు ఈ బరువు మోస్తాయని ఎవరైనా నోటిమాటగా చెబితే నమ్మకండి. దూలాల చివర్లు గోడలోకి దూరే చోట చెమ్మ పట్టి లోపల పుచ్చిపోయి ఉండొచ్చు, బయటికి కనిపించదు. పాత కట్టడాలు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరు రాతపూర్వకంగా ఇవ్వాలి. కుదిరితే కంట్రోల్ రూమ్‌ని కింది అంతస్తులో, నేల మీదే పెట్టండి. పై అంతస్తుని పడకగదులకి వదిలేయండి.

గోడ ఎంత మందంగా ఉన్నా శబ్దం కన్నాల్లోంచి వెళ్లిపోతుంది. గోడ విస్తీర్ణంలో నూటికి ఒక వంతు తెరిచి ఉంటే చాలు, ఎంతటి గోడైనా 20 డెసిబెల్స్‌కి మించి ఆపలేదు. పాత కిటికీల సన్నటి అద్దం, తలుపు కింద సందు, పొయ్యి గొట్టం, ఇవన్నీ ఆ కన్నాలే. రక్షిత కట్టడంలో కిటికీని మార్చడానికి అనుమతి రావడం కష్టం కాబట్టి లోపలివైపు ఇంకో మందపాటి అద్దపు చట్రం, మధ్యలో జానెడు ఖాళీ వదిలి పెట్టాలి. కొండ మీద ట్రాఫిక్ ఉండదు నిజమే, గాలి ఉంటుంది. చలికాలపు రాత్రి పొయ్యి గొట్టాల్లో గాలి ఊళ వేస్తుంటే వోకల్ టేక్ తీయలేం. వాడని పొయ్యి గొట్టాల్లోంచే ఏసీ డక్టులు, కేబుళ్లు తీసుకెళ్లడం నేను చేసిన పద్ధతి. గోడకి కొత్త రంధ్రం పడదు, ఊళ కూడా ఆగుతుంది. డక్టులు వెడల్పుగా ఉండాలి, గాలి నెమ్మదిగా రావాలి. ఏసీ మెషీన్ కొనేటప్పుడు కాదు, డక్టు సైజు తగ్గించేటప్పుడే స్టూడియోలు చెడిపోతాయి.

చెమ్మ గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నష్టం రెండు మూడేళ్లకి గానీ బయటపడదు. చలికాలమంతా చల్లబడిన మందపాటి రాతిగోడ వేసవి మొదట్లో ఇంకా చల్లగానే ఉంటుంది. బయటి వెచ్చని తేమగాలి దానికి తగిలి నీళ్లు కారుతుంది. రాతికీ మీ పెట్టెకీ మధ్య కనీసం జానెడు ఖాళీ ఉంచి అక్కడ గాలి ఆడనివ్వాలి. రాక్‌వూల్‌ని (శబ్దాన్ని పీల్చే మినరల్ వూల్, అంటే రాతి నార) రాతిగోడకి ఆనించి కూరితే అది నీళ్లు పట్టి, చెక్క ఫ్రేము కుళ్లి, బూజు వాసన వస్తుంది. సున్నంతో కట్టిన గోడ మీద సిమెంటు పూయడం, ప్లాస్టిక్ షీటు కప్పడం కూడా చేయకూడదు. గదిలో తేమ 40 నుంచి 55 శాతం మధ్య నిలపాలి. దాటితే పియానో శ్రుతి నిలవదు, కండెన్సర్ మైకులు చిటపటలాడతాయి.

కొండ మీద కరెంటులో రెండు సమస్యలు. రాతినేలలో ఎర్తింగ్ తేలిగ్గా కుదరదు, పిడుగుల భయం ఎక్కువ. ఎర్త్ రాడ్‌లు ఒకటి రెండు సరిపోవు, కోట చుట్టూ చాలా చోట్ల దించి అన్నీ కలపాలి. స్టూడియోకి 'క్లీన్ ఎర్త్' అని విడిగా వేసి మిగతా భవనపు ఎర్త్‌తో కలపకుండా వదిలేసేవాళ్లు ఉన్నారు. స్పీకర్లలో వచ్చే కరెంటు గుయ్యిమనే మోత, అంటే హమ్, తగ్గుతుందని వాళ్ల ఆశ. దయచేసి అలా చేయనివ్వకండి. పిడుగు పడినప్పుడు ఆ రెండు ఎర్త్‌ల మధ్య వేల వోల్టుల తేడా వస్తుంది, హెడ్‌ఫోన్ పెట్టుకున్న మనిషి మధ్యలో ఉంటాడు. స్టూడియో సర్క్యూట్లన్నీ ఒకే పాయింటు నుంచి చెట్టు కొమ్మల్లా విడదీసి, ఆ పాయింటుని మెయిన్ ఎర్త్‌తో కలపాలి. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, కరెంటు లైనుకీ ఇంటర్నెట్ లైనుకీ రెండిటికీ సర్జ్ రక్షణ పెట్టాలి. గదుల మధ్య ఫైబర్ వేస్తే పిడుగు బాధా, హమ్ బాధా రెండూ తగ్గుతాయి.

నిప్పు. ఎరూవిల్ 1969లో కాలింది, స్లేన్ కోట తూర్పు భాగం 1991లో కాలి మళ్లీ తెరవడానికి 2001 దాకా పట్టింది. పాత చెక్క, పాత వైరింగ్, కొండ మీదికి ఫైరింజన్ రావడానికి ఇరుకు దారి. మీరు లోపల గాలి చొరని పెట్టె కడుతున్నారు. రెండో బయటి దారి లేని ప్లాను ఒప్పుకోకండి. చౌక ఫోమ్ ఒక్క ముక్క కూడా వద్దు, అంతా మినరల్ వూలే.

అనుమతుల విషయంలో, జర్మనీలో కట్టడాల సంరక్షణ చట్టం రాష్ట్రానికొకటి. రక్షిత కట్టడమైతే లోపల చేసే మార్పులకీ అనుమతి కావాలి. గదిలో గది పద్ధతి ఇక్కడ మీకు కలిసొస్తుంది. పెట్టె కోట గోడకి తగలదు, రేపు విప్పేస్తే కోట పాతలాగే ఉంటుంది. దరఖాస్తులో ఇదే మొదటి వాక్యంగా రాయండి. రక్షిత కట్టడానికి పెట్టిన ఖర్చు మీద యజమానికి ఆదాయపు పన్నులో ప్రత్యేక తరుగుదల దొరుకుతుంది, కానీ పని మొదలవకముందే సంరక్షణ శాఖతో మాట్లాడుకోవాలి. లీజు బేరంలో ఇది మీ చేతిలో మంచి ఆయుధం. మన దగ్గర గండికోటలోనో గోల్కొండలోనో చేస్తే ఎలా ఉంటుందని ఎవరైనా అడుగుతారేమో. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం, ఆపై 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. అక్కడ స్టూడియో ఆలోచన వద్దు. అనుమతి తీసుకుని ఆ గుమ్మటాల ఇంపల్స్ రెస్పాన్స్, అంటే ఒక్క చప్పుడుకి ఆ చోటు ఎలా మోగుతుందో ఆ ముద్ర, రికార్డు చేసుకుంటే, ఇంట్లో కూర్చుని కన్వల్యూషన్ రివర్బ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఆ ప్రతిధ్వనిని వాడుకోవచ్చు. మన సంగీత దర్శకులు ఆ పని చేస్తే నేను ఎంతో సంతోషిస్తాను.

మీ స్నేహితుడు అక్కడ మన సంగీతం కూడా రికార్డు చేస్తాడని రాశారు. నాదస్వరం, డోలు పెద్ద రాతి హాలులో, మైకు దూరంగా పెట్టి తీస్తే మహత్తరంగా ఉంటాయి. గుడి మండపాల్లో పెరిగిన వాద్యాలవి. వీణకి మాత్రం మూడు సెకన్ల గది శత్రువు. గమకం ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతుంది. మృదంగంలో వేగంగా పడే సొల్లు, అంటే దరువుల అక్షరాలు, కూడా అంతే. వీటికి స్లేన్‌లోలా పుస్తకాల గదో, తెరలు కట్టిన మూలో కావాలి.

డబ్బు విషయంలో నా అభిప్రాయం దాచను. పరికరాలు కాదు, నెల నెలా హీటింగ్, వంట, పడకగదుల నిర్వహణ ఇలాంటి స్టూడియోలని ముంచుతాయి. ఎరూవిల్‌లో అంత పెద్ద పేర్లు రికార్డు చేసినా మాగ్నే అప్పుల్లో, వివాదాల్లో ఆ ఇంటిని పోగొట్టుకున్నాడు. ఆయన 1984లో చనిపోయాడు, 1985లో స్టూడియో మూతపడింది, దాదాపు ముప్పై ఏళ్లకి గానీ కొత్త యజమానుల చేతుల్లో మళ్లీ ప్రాణం పోసుకోలేదు. ఆల్బమ్‌కి నెలల తరబడి అద్దె ఇచ్చే కంపెనీలు ఇప్పుడు తక్కువ. వారం పది రోజుల బస రికార్డింగ్‌లు, గాయకులకి, ఇంజనీర్లకి శిక్షణ శిబిరాలు, సినిమాల కోసం తీగవాద్యాల సెషన్‌లు, వీటి మీద లెక్క వేసుకోండి. సగం రోజులు ఖాళీగా ఉన్నా నిలబడుతుందా అని చూసుకోండి. నిలబడదని తేలితే, పెద్ద హాలు ఒక్కటే ఏడాదికి కొన్ని వారాలు అద్దెకి తీసుకుని, పోర్టబుల్ సామగ్రితో రికార్డు చేసి, మిక్సింగ్ ఊళ్లోని మామూలు గదిలో చేసుకోమనండి. యూటూ చేసింది అదే.

ఇప్పుడు చేయాల్సిన పని. సంతకం పెట్టకముందు మీ స్నేహితుణ్ని ఒక ల్యాప్‌టాప్, ఒక ఆమ్నీ మైకు (అన్ని వైపుల శబ్దాన్నీ సమానంగా పట్టేది), ఒక మంచి స్పీకరు తీసుకుని అక్కడికి వెళ్లి ప్రతి గదిలోనూ సైన్ స్వీప్ కొలత, అంటే కింది శ్రుతి నుంచి పై శ్రుతి దాకా సాగే ఒక స్వరం వినిపించి గది స్పందన రికార్డు చేసే కొలత, తీయమనండి. స్పీకరు లేకపోతే పెద్ద బెలూన్లు పగలగొట్టినా ఒక అంచనా వస్తుంది. గాలి వీచే రాత్రి ఒకసారి, వర్షం పడుతున్నప్పుడు ఒకసారి ఖాళీ హాలు నిశ్శబ్దాన్ని రికార్డు చేయమనండి. గదుల కొలతలు, కప్పు ఫోటోలు, దూలాలు గోడలోకి దూరే చోట దగ్గరి ఫోటోలు, మెయిన్ కరెంటు బోర్డు ఫోటో కూడా కావాలి. అవన్నీ ఇక్కడే కింద పెడితే ఏ గది దేనికి పనికొస్తుందో చూసి చెబుతాను. సంరక్షణ శాఖ నుంచి కాగితం చేతికి వచ్చేదాకా మాత్రం లీజుకి అడ్వాన్స్ ఇవ్వవద్దని చెప్పండి.